ఎన్‌ఎఫ్‌ఎల్ 40 నిమిషాల రీప్లే: కట్‌లో ఏం పోతోంది, దాన్ని ఎలా పట్టుకోవాలి?

రాత్రిబండి_వైజాగ్
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ని ఇండియా నుంచి చూసేవాళ్లకు ఆదివారం టైమింగులు తెలిసినవే. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 1 గంట మ్యాచ్‌లు మనకి రాత్రి 10:30కి మొదలవుతాయి. 4:25వి అర్ధరాత్రి దాటాక 1:55కి, సండే నైట్ మ్యాచ్ సోమవారం తెల్లవారుజామున 5:50కి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక అన్నీ ఇంకో గంట ఆలస్యం. సోమవారం పని ఉన్నవాళ్లకి లైవ్ జరిగే పని కాదు. పొద్దున గేమ్ పాస్‌లో (లీగ్ వీడియో సర్వీసు) వచ్చే 40 నిమిషాల కట్టే, అంటే కుదించిన రీప్లేనే దిక్కు.

రూల్స్ వచ్చినవాళ్లు కూడా ఈ కట్ చూసి, ఫలానా జట్టు ఎందుకు గెలిచిందంటే చెప్పలేకపోతున్నారు. థర్డ్ అండ్ 4 (నాలుగు డౌన్‌లలో, అంటే ప్రయత్నాల్లో, మూడోది; ఇంకా 4 గజాలు కావాలి) ఉన్నది చటుక్కున థర్డ్ అండ్ 9 అయి కూర్చుంటుంది. నాలుగో క్వార్టర్‌లో 6 నిమిషాలున్నాయి అనుకునేలోపే 2 నిమిషాలుంటాయి. దీన్ని చూడటానికి ఒక పద్ధతంటూ ఉందా? లేక మూడు గంటల మ్యాచ్ చూడాల్సిందేనా?

ప్లేక్లాక్_40
పద్ధతి ఉంది. ముందు ఆ 40 నిమిషాల్లో ఏముంటుందో లెక్క చూద్దాం.

రెండు జట్ల పరుగులు, పాస్‌లు కలిపి సుమారు 125 ప్లేలు (ఒక్కో ప్రయత్నం ఒక ప్లే). కిక్‌ఆఫ్‌లు, పంట్‌లు (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం), ఫీల్డ్ గోల్స్ (3 పాయింట్ల కిక్), టచ్‌డౌన్ తర్వాత కిక్‌లు కలిపితే 150, 160 అవుతాయి. ఒక్కో ప్లే నడిచేది 4 నుంచి 6 సెకన్లు. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ వాళ్లు స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేస్తే, మూడు గంటలు దాటే ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉన్నది 11 నిమిషాలే అని తేలింది. ప్లేకి 15 సెకన్లు ఇస్తే 160 × 15 = 2,400 సెకన్లు, అంటే సరిగ్గా 40 నిమిషాలు. స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ముందు కొంచెం, ప్లే మొత్తం, విజిల్ తర్వాత కొంచెం. ఇంతే.

దీన్ని హైలైట్స్‌తో కలపొద్దు. క్రికెట్ హైలైట్స్‌లో డాట్ బాల్స్ ఎగిరిపోతాయి. ఇక్కడ ఒక్క గజం రాని పరుగు కూడా ఉంటుంది. ప్లేలు పోవు, ప్లేల మధ్య కాలం పోతుంది. ఈ ఆటలో సగం నిర్ణయాలు జరిగేది ఆ కాలంలోనే, చిక్కంతా అక్కడే.

ఆ పోయిన కాలాన్ని గేమ్ క్లాక్ నుంచి తిరిగి రాబట్టొచ్చు. బంతి ఉన్నవాణ్ని మైదానం లోపలే పడగొడితే, అంటే ట్యాకిల్ అయితే, గేమ్ క్లాక్ ఆగదు. ట్యాకిల్ అయిన క్షణం నుంచి ప్లే క్లాక్ (తర్వాతి స్నాప్‌కి గడువు చెప్పే గడియారం) 40 సెకన్ల దగ్గర మొదలవుతుంది. కాబట్టి ట్యాకిల్ అప్పుడు గేమ్ క్లాక్ ఎంతో, తర్వాతి స్నాప్ అప్పుడు ఎంతో చూడండి. 9:12కి ట్యాకిల్, 8:37కి స్నాప్ అనుకోండి, తేడా 35. నలభైలోంచి 35 తీసేస్తే 5, అంటే ప్లే క్లాక్‌లో 5 సెకన్లు ఉండగా స్నాప్ చేశారు. స్క్రీన్ మీద ప్లే క్లాక్ కనపడకపోయినా పర్వాలేదు.

తేడా 37, 39 వస్తుంటే కావాలనే కాలం కరిగిస్తున్నారు. 15, 20 వస్తుంటే హడల్ (గుంపుగా చేరి ప్లే చెప్పుకోవడం) లేకుండా తరుముతున్నారు. సున్నా అయితే క్లాక్ ఆగింది: పాస్ నేల మీద పడింది, లేదా టైమవుట్, లేదా బంతి చేతులు మారింది.

పంట్_ప్రేమికుడు
ఆ లెక్కకి మినహాయింపులు కూడా చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు తికమకపడతారు.

ఒకటి, బంతి పట్టుకున్నవాడు గీత దాటి బయటికి పోతే క్లాక్ ఆగుతుంది. కానీ మొదటి సగంలో చివరి 2 నిమిషాలు, రెండో సగంలో చివరి 5 నిమిషాలు తప్ప, రిఫరీ బంతి పెట్టి సైగ చేయగానే మళ్లీ నడుస్తుంది, స్నాప్ దాకా ఆగదు. అక్కడ తేడా తక్కువ వచ్చిందని తరుముతున్నారు అనుకోవద్దు. రెండు, పెనాల్టీ లాంటి ఆగుడు తర్వాత ప్లే క్లాక్ 40 నుంచి కాదు, 25 నుంచి. మూడు, 2023కి ముందు కాలేజీ ఆటకి అలవాటైనవాళ్లు ఫస్ట్ డౌన్‌కి (కావలసిన గజాలు దాటి మళ్లీ మొదటి ప్రయత్నం దక్కడం) క్లాక్ ఆగుతుందనుకుంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆగదు.

గాలివాటం_గాంధీనగర్
ఇంత కూడికలు తీసివేతలు చేస్తూ ఆట చూడాలా గురూ? పరీక్షకి కూర్చున్నట్టుంది.

ప్లేక్లాక్_40
ప్రతి ప్లేకీ వద్దు. ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో నాలుగో క్వార్టర్‌లోకి వచ్చాక, రెండు సగాల ఆఖరి నాలుగు నిమిషాల్లో చేస్తే చాలు.

ఎందుకు చేయాలో ఒక్క మ్యాచ్ చెబుతుంది. 2017 ఫిబ్రవరి 5, సూపర్ బౌల్ 51. మూడో క్వార్టర్‌లో 8:31 మిగిలుండగా అట్లాంటా ఫాల్కన్స్ 28-3తో ముందుంది. చివరికి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఓవర్‌టైమ్‌లో 34-28తో గెలిచింది. కట్ చూస్తే పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసే ఆటగాడు) బ్రేడీ పాస్‌లు, ఎడెల్మన్ వేలికొసల మీద పట్టిన క్యాచ్, హైటవర్ బంతి రాలగొట్టిన శాక్ (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), ఇవన్నీ వరసగా వస్తాయి. అద్భుతం జరిగిందనిపిస్తుంది. గేమ్ క్లాక్ తేడాలు రాసుకుంటూ చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ముందంజలో ఉండి, క్లాక్ నడుస్తుండగా, ఫాల్కన్స్ చాలాసార్లు ప్లే క్లాక్‌లో బోలెడు సెకన్లు మిగిలుండగానే స్నాప్ చేసేసింది. ప్లేకి 10, 15 సెకన్లు వదిలేసుకుంటూ పోతే ఒక డ్రైవ్‌లోనే (బంతి తమ దగ్గరున్నంతసేపు ఆడే ప్లేల వరస) నిమిషం పైన ప్రత్యర్థికి ఇచ్చినట్టు. ఈ వ్యవహారం కట్‌లో కంటికి కనపడదు, ఎందుకంటే కట్ చేసింది సరిగ్గా దాన్నే.

అదే మ్యాచ్‌లో 28-20 ఉన్నప్పుడు హూలియో జోన్స్ క్యాచ్‌తో ఫాల్కన్స్ పేట్రియట్స్ 22 గజాల గీత దాకా వెళ్లింది. అక్కడ ఫీల్డ్ గోల్ కొడితే తేడా 11. కానీ పాస్‌కి వెనక్కి తగ్గి శాక్ తిన్నారు, ఆపైన హోల్డింగ్ ఫ్లాగ్ (ప్రత్యర్థిని పట్టి ఆపినందుకు పెనాల్టీ), చివరికి పంట్. ఈ ముక్క కట్‌లో బాగానే అర్థమవుతుంది. పాయింట్ల లెక్క కనపడుతుంది, కాలం లెక్క కనపడదు.

ఫ్లాగ్_పడింది
వైజాగ్ గారు అడిగిన థర్డ్ అండ్ 4 సంగతి. స్నాప్‌కి ముందే పడే ఫ్లాగ్ అసలు ప్లే కిందకే రాదు, అందుకే కట్ చేసేవాళ్లు చాలాసార్లు తీసేస్తారు. రిఫరీ ప్రకటన కూడా పోతుంది. డౌన్, దూరం చూసి ఏం జరిగిందో చెప్పేయొచ్చు.

డౌన్ మారకుండా దూరం 5 పెరిగిందా? ఫాల్స్ స్టార్ట్ (స్నాప్‌కి ముందే కదలడం) లేదా డిలే ఆఫ్ గేమ్ (ప్లే క్లాక్ అయిపోవడం). 5 తగ్గిందా? డిఫెన్స్ ఆఫ్‌సైడ్ లేదా అలాంటిది. డౌన్ మారకుండా 10 వెనక్కి పోతే ఆఫెన్స్ హోల్డింగ్, ఇక్కడ మధ్యలో ఒక ప్లే జరిగి రద్దయి ఉంటుంది. ఆ రద్దయిన ప్లేని కొన్ని కట్‌లలో ఉంచుతారు, కొన్నిటిలో ఉండదు. పాస్ పడిపోయింది, అయినా ఐదే గజాలు ముందుకి పోయి ఫస్ట్ డౌన్ వచ్చిందంటే డిఫెన్స్ హోల్డింగ్ లేదా ఇల్లీగల్ కాంటాక్ట్. పాస్ పడిపోయి బంతి ఏకంగా 30, 40 గజాలు ముందుకెళ్తే డిఫెన్స్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకోబోయేవాణ్ని అడ్డుకోవడం), తప్పు జరిగిన చోటే బంతి పెడతారు. 15 అయితే పర్సనల్ ఫౌల్.

డిలే ఆఫ్ గేమా, ఫాల్స్ స్టార్టా అన్నది మాత్రం కట్ నుంచి తేల్చలేం. దానికి లీగ్ ప్రతి మ్యాచ్‌కీ విడుదల చేసే గేమ్‌బుక్ తెరవాలి. ప్లే వారీగా టైమ్, ఫ్లాగ్ ఎవరి మీద, ఒప్పుకున్నారా వద్దన్నారా, అన్నీ ఉంటాయి. చివర్లో ఎవరెన్ని స్నాప్‌లు ఆడారో కూడా ఉంటుంది. గాయపడి వెళ్లినవాడి సంగతి కట్‌లో తెలియకపోతే, ఆ స్నాప్ లెక్కే చెబుతుంది.

బేఏరియా_నైనర్
ప్లే కట్ అవుతున్న తీరు గురించి ఒక మాట. స్నాప్‌కి ముందు ఇచ్చేది ఒకటి రెండు సెకన్లే అయితే మోషన్ (స్నాప్‌కి ముందు ఆటగాడు పక్కకి పరిగెత్తడం) పోతుంది. షనహాన్ కోచ్‌గా ఉన్న 49ర్స్‌కీ, 2022 నుంచి 2025 దాకా మెక్‌డానియెల్ కోచ్‌గా ఉన్నప్పటి డాల్ఫిన్స్ మ్యాచ్‌లకీ ఇది పెద్ద నష్టం. రిసీవర్ (పాస్ అందుకునేవాడు) అటునుంచి ఇటు పరిగెత్తినప్పుడు కార్నర్ (అతన్ని కాచే డిఫెండర్) వెంట వస్తే మ్యాన్ కవరేజి (మనిషికో మనిషి కాపలా) అని, రాకుండా అందరూ ఒక అడుగు జరిగితే జోన్ (ఎవరి చోటు వాళ్లు కాయడం) అని క్వార్టర్‌బ్యాక్‌కి తెలిసిపోతుంది. తర్వాత కొట్టే పాస్ ఎందుకంత తేలిగ్గా పడిందో అక్కడే ఉంటుంది జవాబు. కట్‌లో ఆ పాస్ మాత్రం మిగులుతుంది.

ఇంకోటి, కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో వినపడేది ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేదాకానే. అందుకే కొన్ని జట్లు గబగబా గీత దగ్గరికి వచ్చి నిలబడతాయి, డిఫెన్స్ ఎలా నిలబడిందో కోచ్ పైనుంచి చూసి చెప్పడానికి వీలుగా. 2017లో మెక్‌వే కోచ్‌గా ఉన్న రామ్స్ గురించి దీని మీదే చర్చ నడిచింది. ప్లేక్లాక్ గారి తీసివేత లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వాళ్లు తొందరగా నిలబడతారు కానీ స్నాప్ ఆలస్యంగానే చేస్తారు. ఇది చూడాలంటే పూర్తి ప్రసారమే.

ఫ్రిస్కో_సైడ్‌లైన్
అమెరికాలో ఉన్నవాళ్లకి మధ్యే మార్గం ఉంది. కట్ కొనడం ఎందుకు, మీరే కోసుకోండి.

ప్రసారం డీవీఆర్‌లో రికార్డ్ చేసి, విజిల్ పడగానే 30 సెకన్ల బటన్ ఒక్కసారి నొక్కండి. మామూలు జట్టు ప్లే క్లాక్‌లో 5 నుంచి 10 ఉండగా స్నాప్ చేస్తుంది, అంటే విజిల్ తర్వాత 30, 35 సెకన్లకి. కాబట్టి సరిగ్గా గీత దగ్గర అందరూ నిలబడి ఉండగా దిగుతారు. మోషన్ దక్కుతుంది, క్వార్టర్‌బ్యాక్ కేకలు దక్కుతాయి. 160 ప్లేలకి 25 సెకన్ల చొప్పున 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. 40 నిమిషాలకంటే 27 ఎక్కువ, మూడు గంటలకంటే చాలా తక్కువ.

తప్పు జరిగే చోట్లు: హడల్ లేకుండా ఆడే డ్రైవ్‌లో 30 నొక్కితే స్నాప్ దాటిపోతుంది, అక్కడ 15 వాడండి లేదా అసలు నొక్కొద్దు. చివరి రెండు నిమిషాల్లో బటన్ జోలికే పోవద్దు. ఆన్‌లైన్ స్ట్రీమ్‌లో 30 అన్నది సరిగ్గా 30 పడదు, సెకను రెండు సెకన్లు అటూ ఇటూ దూకుతుంది. రికార్డింగ్ గడువు తప్పనిసరిగా ఒక గంట పొడిగించి పెట్టండి. లేకపోతే, ముందు మ్యాచ్ ఆలస్యమైనా, ఓవర్‌టైమ్‌కి వెళ్లినా మీ రికార్డింగ్ సరిగ్గా నాలుగో డౌన్ దగ్గర ఆగిపోతుంది.

కొనాలనుకునేవాళ్లకి: 2022 నుంచి అమెరికాలో పాత గేమ్ పాస్ బదులు ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ఉంది. పూర్తి రీప్లే, కట్, కోచ్‌ల ఫిల్మ్ దాని ప్రీమియం స్థాయిలో వస్తాయి. అమెరికా బయట 2023 నుంచి గేమ్ పాస్ డజోన్ అనే స్పోర్ట్స్ స్ట్రీమింగ్ సర్వీసులో.

ఆల్22_సేఫ్టీ
ఇందాకటి నుంచి అందరూ క్లాక్ అంటున్నారు. నాకు కెమెరా పెద్ద సమస్య. కట్‌లో వాడేది టీవీ ప్రసారం కెమెరానే, అది బంతి వెంట పోతుంది. 15 గజాల వెనక నిలబడ్డ సేఫ్టీలు (డిఫెన్స్‌లో ఆఖరి కాపలాదారులు) ఫ్రేమ్‌లోనే ఉండరు. "రిసీవర్ ఖాళీగా దొరికాడు" అని కట్ చూసి రాసేవాళ్లకి, ఎవరు వదిలేస్తే దొరికాడో తెలియదు.

ఆల్ 22 ఫిల్మ్ 2012 నుంచి మామూలు ప్రేక్షకులకి దొరుకుతోంది. ప్రతి ప్లే రెండు కోణాల్లో ఉంటుంది. పై నుంచి పక్క కోణంలో 22 మందీ కనపడతారు, ఎండ్ జోన్ కోణంలో లైన్ (ముందు వరస) మధ్య సందులు కనపడతాయి. మాటలుండవు, ఫస్ట్ డౌన్ ఎక్కడో చూపే పసుపు గీత ఉండదు, ప్రసారంలోలా స్కోర్ పట్టీ ఉండదు. అందుకే నేరుగా దాంతో మొదలుపెడితే విసుగొస్తుంది. మ్యాచ్ అయిన వెంటనే రాదు కూడా.

ఇలా చేయండి. ముందు కట్ చూస్తూ, అర్థం కాని ప్లేలు ఎనిమిదో పదో క్వార్టర్, టైమ్ వేసి కాగితం మీద రాసుకోండి. "3వ క్వార్టర్ 6:41, ఎడమ వైపు లోతు పాస్" అన్నట్టు. తర్వాత ఆల్ 22లో అవి మాత్రం తెరవండి. మొదటిసారి సేఫ్టీలనే చూడాలి: స్నాప్ అప్పుడు వెనక ఇద్దరా, ఒక్కడా, స్నాప్ పడ్డాక ఎవరైనా కిందికి దిగాడా. రెండోసారి రిసీవర్లు. మూడోసారి ఎండ్ జోన్ కోణంలో లైన్. పది ప్లేలకి పావుగంట చాలు. మొత్తం మ్యాచ్ ఆల్ 22లో చూడటం కోచ్‌ల ఉద్యోగం, మనది కాదు.

గాలివాటం_గాంధీనగర్
సరే, టైమవుట్లు ఎలా తెలుస్తాయి? బిల్స్, చీఫ్స్ 13 సెకన్ల మ్యాచ్ కట్‌లో చూస్తే మంత్రం వేసినట్టుంది.

ప్లేక్లాక్_40
2022 జనవరి 23 మ్యాచ్. మంత్రం కాదు, స్కోర్ పట్టీలో జట్టు పేరు దగ్గరుండే మూడు చిన్న గుర్తులు చూడండి, అవే టైమవుట్లు. మూడు పాయింట్లు వెనకబడ్డ చీఫ్స్ 13 సెకన్ల దగ్గర టచ్‌బ్యాక్‌తో (కిక్ ఎండ్ జోన్‌లోకి పోయి, తిరిగి పరుగు లేకపోవడం) మొదలుపెట్టింది. హిల్‌కి 19 గజాలు, ఒక గుర్తు పోయింది, క్లాక్ 8. కెల్సీకి 25 గజాలు, ఇంకో గుర్తు పోయింది, క్లాక్ 3. బట్కర్ 49 గజాల ఫీల్డ్ గోల్, 36-36. మధ్యలో జట్లు సైడ్‌లైన్ దగ్గర మాట్లాడుకున్నదంతా పోయి, కట్‌లో రెండు పాస్‌లు ఒకదాని వెంట ఒకటి పడిపోతాయి. టైమవుట్లు లేకపోతే మైదానం మధ్యలో కొట్టే ఆ పాస్‌లు కొట్టలేరు. గీత వైపే కొట్టాలి, డిఫెన్స్ కూడా గీతకే కాపలా కాస్తుంది.

రెండో సగం మొదలైన దగ్గర్నుంచి ఈ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూసే అలవాటు చేసుకుంటే చాలు. ముందున్న జట్టుకి ఫస్ట్ డౌన్ దొరికి, ప్రత్యర్థికి ఒక్క గుర్తూ లేకపోతే, మూడుసార్లు మోకాలు నేలకానించి (ప్లే అయిపోతుంది, క్లాక్ ఆగదు) దాదాపు రెండు నిమిషాలు తినేయొచ్చు. కట్‌లో మ్యాచ్ హఠాత్తుగా ఆగిపోయినట్టుండేది అక్కడే.

పంట్_ప్రేమికుడు
కిక్‌ఆఫ్ కూడా ఇలాగే. 2024లో కొత్త కిక్‌ఆఫ్ వచ్చాక, తిరిగి పరుగు లేనివి కట్‌లో మిగలకపోవచ్చు. డ్రైవ్ ఎక్కడ మొదలైందో చూస్తే చాలు. 2025 రూల్ ప్రకారం సొంత 35 గజాల గీత అయితే బంతి నేరుగా ఎండ్ జోన్‌లోకి వెళ్లిన టచ్‌బ్యాక్. సొంత 40 అయితే బంతి ల్యాండింగ్ జోన్ (కిక్ పడాల్సిన చోటు) దాకా రాలేదు లేదా బయటికి పోయింది, కిక్కర్‌ని తిట్టుకోవచ్చు. సొంత 20 అయితే ల్యాండింగ్ జోన్‌లో పడి లోపలికి దొర్లింది. 2024 మ్యాచ్‌లు ఇప్పుడు చూసేవాళ్లు 35 బదులు 30 అనుకోండి.

రాత్రిబండి_వైజాగ్
ఇదంతా బంగారం. ఫలితం ముందే తెలియకుండా ఉండటానికి ఏం చేస్తారు?

ఫ్లాగ్_పడింది
యాప్ సెట్టింగుల్లో స్కోర్లు దాచే ఆప్షన్ ముందు ఆన్ చేయాలి. అది యాప్ లోపలి స్కోర్లకే, ఫోన్ నోటిఫికేషన్లు విడిగా ఆపాలి. ఫోన్ తెరవగానే వార్తలు చూపించే ఫీడ్ ఇంకో ప్రమాదం, మీరు ఏ జట్టు చూస్తారో దానికి తెలుసు. స్టాండింగ్స్ పేజీ, సోమవారం వచ్చే వీడియోల బొమ్మలు కూడా చెప్పేస్తాయి.

అసలు చాడీకోరు మాత్రం వీడియో పొడవు. కట్ మామూలుకంటే అయిదారు నిమిషాలు ఎక్కువుంటే ఓవర్‌టైమ్ వాసన కొడుతుంది. వీడియో కిందుండే టైమ్ పట్టీలో ఇంకా 20 సెకన్లే ఉంటే, వెనకబడ్డ జట్టు చివరి ఆశ వృథా అని మీకు ముందే తెలుసు. 2022 డిసెంబరు 17న మిన్నెసోటా వైకింగ్స్ 33-0 నుంచి లేచి ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ని ఓవర్‌టైమ్‌లో 39-36తో ఓడించింది, లీగ్‌లో ఇంతకంటే పెద్ద పునరాగమనం లేదు. సగం ఆటకి 33-0 ఉన్నప్పుడు పట్టీలో 25 నిమిషాలు మిగిలి ఉన్నాయని కనపడితే ఇక మజా ఏముంది? ప్లే నొక్కాక రిమోట్ ముట్టుకోకండి, ముట్టుకుంటే పట్టీ వచ్చేస్తుంది. కంప్యూటర్ మీద అయితే స్క్రీన్ అడుగున ఒక అంగుళం మందాన కాగితం అంటించేయండి. స్కోర్ పట్టీ కూడా అక్కడే ఉంటే కొంచెం కిందికి జరపాలి.

బేఏరియా_నైనర్
కాగితం 😂 కానీ పనిచేస్తుంది.

శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు. వ్యాఖ్యాత వాక్యం ప్రతి కట్ దగ్గరా సగంలో తెగిపోతుంది, అరగంట వింటే తలనొప్పి. అలాగని మొత్తం మ్యూట్ చేస్తే క్వార్టర్‌బ్యాక్ కేకలు పోతాయి. "కిల్, కిల్" అని అరిస్తే మొదటి ప్లే వదిలేసి రెండోదానికి మారుతున్నాడని. శబ్దం పావు వంతుకి తగ్గించి ఉంచడం మేలు.

ఆల్22_సేఫ్టీ
వేగం 1.5కి పెంచి కట్ చూసేవాళ్లున్నారు. ఆ పని చేయొద్దు. ఐదు సెకన్ల ప్లే మూడు సెకన్ల చిల్లరకి పడిపోతుంది, లైన్‌లో ఏం జరిగిందో కన్ను పట్టలేదు. టైమ్ లేకపోతే మూడు మ్యాచ్‌ల బదులు రెండు చూడండి.

రాత్రిబండి_వైజాగ్
చివరగా ఒకటి. థాంక్స్‌గివింగ్ రోజు కౌబాయ్స్ మ్యాచ్ మనకి ఎన్నింటికి?

ఫ్రిస్కో_సైడ్‌లైన్
తూర్పు తీరం టైమ్ 4:30, ఇక్కడ డాలస్‌లో 3:30, మీకు శుక్రవారం తెల్లవారుజామున 3:00. రాత్రి మ్యాచ్ మీకు 6:50కి మొదలవుతుంది, కాఫీతో లైవ్ చూసేయొచ్చు. కానీ ఆ ప్రసారంలో మొదటి అయిదు నిమిషాల్లోనే కౌబాయ్స్ స్కోర్ చెప్పేస్తారు. కాబట్టి ముందు కౌబాయ్స్ కట్, తర్వాత లైవ్ దగ్గరికి రండి.